మొదటి పాట తిరిగొచ్చే చోటు

కడపలో బండల అంగడి ముందు టీ తాగుతుంటే ఒక మినీ లారీ పాడుకుంటూ వెనక్కి వచ్చింది. వెనక్కి వచ్చే బండ్లన్నీ పాడే పాత విదేశీ బాణీయే. డ్రైవరు గేరు మార్చగానే పాట సగంలో తెగింది. మిగతా సగం నా నోట్లోంచి ఈలై వచ్చేసింది. బట్టతల వచ్చినవాడు లారీకి జవాబివ్వడమేమిటని అంగడతను వింతగా చూశాడు. తప్పు నాది కాదు, మస్తాన్ మాస్టరుది.

ఆయన మా పెళ్ళి బ్యాండుకు పెద్ద. పటాలం బ్యాండులో నేర్చిన యూరపు సంగీతమంటే, అందులోనూ రెండు వందల యాభై ఏళ్ళ కిందటి క్లాసికల్ కాలపు పాటలంటే ప్రాణం. అంతకుముందు అక్కడ నాలుగు వాయిద్యాలు నాలుగు దారుల్లో ఒకేసారి మాట్లాడేవట. "ఈ పాటలు కట్టినోళ్ళొచ్చి సర్దినారప్పా. ఒగడు కత చెప్పల్ల, కడమోళ్ళు ఊ కొట్టల్ల" అనేవాడు. నడుస్తూ వాయించేవాళ్ళం కాబట్టి కొలత కూడా అడుగుల్లోనే: ఎనిమిది అడుగుల ప్రశ్న, ఎనిమిది అడుగుల జవాబు. నేను జవాబు మరిచి సొంత మెలికలతో సంగతులు వేస్తుంటే, "అడిగితివి సరే, జవాబు యాడ?" అని వెనకనుంచి అరిచేవాడు. నా క్లారినెట్ విని పెళ్ళికొడుకు గుర్రం ఏడ్చిందని నేను ఊరంతా చెప్పుకుంటే, "టపాసుల పొగ పోయినాదిలేప్పా దాని కంట్లోకి" అని తేల్చేశాడు.

ఊరేగింపును కూడా ఆ సంగీతం కట్టుబడితోనే నడిపేవాడు. విడిదింటి ముందు మొదటి పాట. మలుపు తిరగగానే ఇంకో శ్రుతిలో రెండో పాట. నడివీధిలో రెండింటినీ ముక్కలు చేసి, శ్రుతులు మార్చి ఆడుకోవచ్చు. మొదటి పాట మళ్ళీ సొంత శ్రుతిలో వినబడిందంటే మండపం వచ్చినట్టు. అది విని ఆడవాళ్ళు హారతి పళ్ళెంతో బయటికొచ్చేవాళ్ళు.

ప్రొద్దుటూరు పెళ్ళిలో మాస్టరుకు దగ్గు ఎక్కువైంది. "ఈ పొద్దు నువ్వు నడిపించు. సరిగ్గా చేస్తే మేళం నీదే" అన్నాడు. నడివీధిలో మేడల మీద జనం చప్పట్లు కొడుతుంటే ఇంక నన్నెవరు పట్టగలరు? మండపం గేటు దాటిపోయాం. లోపల ఆడవాళ్ళు మొదటి పాట కోసం కాచుకునే ఉన్నారు. నేను దాన్ని ఎత్తుకునేసరికి రెండు వీధుల అవతల వేరే పెళ్ళి పందిరి ముందున్నాం. అక్కడివాళ్ళు మా పెళ్ళికొడుక్కి హారతి ఇచ్చేశారు. ఆ పెళ్ళికూతురు మావాణ్ణే చేసుకుంటానందని తర్వాత నేను చెప్పింది అబద్ధం. హారతి మాత్రం నిజం.

"నా బిడ్డకు ఎవురి హారతో పట్టిస్తిరి కదయ్యా!" అని పెళ్ళికొడుకు తల్లి నడివీధిలో ఏడ్చింది. మాస్టరు ఆయాసపడుతూ వచ్చి చేతులు జోడించాడు. "తప్పు నాదే తల్లీ, పాట తిప్పేది నేనే మరిస్తి." నా వైపు చూడను కూడా లేదు.

మర్నాడు నన్ను మూడో క్లారినెట్‌కు దించాడు. "మేళం ఇస్తానంటివి కదా?" అన్నాను. "నడివీధిలో ఎవుడైనా వాయిస్తాడు. జనాన్ని గేటుకాడికి తెచ్చేటోనికి ఇస్తా" అన్నాడు. ఏడాదంతా ఒకటే పని, ఇంకొకడి పాటకు కింద ఊ కొట్టడం: కింది స్వరం, పైది, నడిమిది, మళ్ళీ పైది. గుసగుసగా మొదలుపెట్టి, దీపం వత్తి ఎగదోసినట్టు మెల్లగా పెంచాలి. నా గొప్ప వినబడకుండా పోయాక, పైన ఇంకొకడి పాట ఎంత తేటగా నిలబడుతుందో మొదటిసారి విన్నాను.

మేళం నాకప్పగించిన రోజు గురించి పెద్ద మాటలతో చెప్పాలని నాకూ ఉంది. జరిగింది ఇంతే. తన క్లారినెట్ మూతికి బిగించే రీడ్ల డబ్బా నా చేతిలో పెట్టి, డ్రమ్ముల వెనక్కి పోయి నిలబడ్డాడు.

ఇప్పటికీ మండపం దగ్గరపడుతుంటే, మేడల మీద ఎందరున్నా తలెత్తను. ఏ పెళ్ళైనా గుంపులో పెళ్ళికొడుకు తల్లి ఎక్కడుందో వెతుక్కుంటాను. ఆమె కనబడ్డాకే మొదటి పాటకు తిప్పుతాను, ఒక్క సంగతి కూడా చేర్చకుండా.