మంచి పన్ను నుంచి మొదలుపెట్టిన డాక్టరమ్మ

నా చిన్నప్పుడు మా ఇంట్లో నోరు తెరిపించి పళ్ళు చూడటమనేది బర్రెలకే జరిగేది, మనుషులకు కాదు. మా తాత బర్రె మూతి పట్టుకుని, కింది పెదవి కొంచెం లాగి, ముందరి పళ్ళను ఒక్క చూపు చూసి దాని వయసు చెప్పేసేవాడు. సంతోష్‌నగర్ వెనకాల మా ఇల్లూ కొట్టమూ పక్కపక్కనే ఉండేవి. చుట్టుపక్కల గల్లీలన్నిటికీ మా పాలే పోయేవి. ఎవరు బర్రెను కొనాలన్నా ముందు మా తాతను వెంటబెట్టుకుని వెళ్ళేవారు. తన చూపు ఎప్పుడూ తప్పలేదని ఆయనకు గర్వం. ఆ గర్వం చివరికి నా పన్ను మీదికి వచ్చింది.

నాకప్పుడు పదేళ్ళు. చల్లటి నీళ్ళు తాగితే ఎడమ దవడ జివ్వుమనేది. రొట్టె ముక్క ఇరుక్కుంటే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఎవరికైనా చెబితే ఏం చేస్తారోనని వారం రోజులు కుడివైపే నములుతూ గడిపాను. పిల్ల రొట్టె అంచులు వదిలేస్తోందని మా అమ్మ కనిపెట్టి తాతకు చెప్పింది. ఆయన నన్ను ఎండకు ఎదురుగా మంచం మీద కూర్చోబెట్టి, బొటనవేలితో చెంప పక్కకు లాగి, "ఏడ బిడ్డా?" అన్నాడు. నొప్పి నాకు పైన అనిపించేది కాబట్టి పైన వేలు పెట్టి చూపించాను. అక్కడ వెనక పన్ను మీద నల్లటి మచ్చ ఒకటి ఉంది. ఇంకేం, తీర్పు అయిపోయింది.

"గిదే. పురుగు పట్టింది. పీకిపిస్తే లొల్లే ఉండది," అన్నాడు.

మా అమ్మ ఆ పన్నుకే రెండు రోజులు లవంగం నూరి పెట్టింది. నొప్పి ఇసుమంతైనా తగ్గలేదు. ఇది మొండి పన్ను అని మా తాత ఇంకా గట్టిగా నమ్మాడు.

మాకు రెండు గల్లీల అవతల ఒక పళ్ళ డాక్టరమ్మ కొత్తగా ఆస్పత్రి పెట్టింది. భర్త సర్కారు ఉద్యోగం మీద కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. తాత నన్ను అక్కడికి తీసుకుపోయాడు గానీ, ఆమెను చూడగానే ఆయనకు అనుమానం వచ్చింది. అంత సన్నటి చేతులతో పన్ను ఊడుతుందా అని నా చెవిలో గొణిగాడు. పైకి మాత్రం పెద్దమనిషిలా కూర్చుని, ఎడమ పక్క పైన, వెనక పన్ను, పీకెయ్యి తల్లీ అని చెప్పాడు. నేను కుర్చీ చేతులను రెండు పక్కలా పట్టుకుని కూర్చున్నాను.

డాక్టరమ్మ పనిముట్ల జోలికే పోలేదు. స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుని, మా తాతను కాకుండా నన్ను అడగడం మొదలుపెట్టింది. ఎప్పటి నుంచి, ఏం తింటే వస్తోంది, వస్తే ఎంతసేపు ఉంటోంది, దానంతట అదే వస్తోందా, నిద్రలో లేపుతోందా. నా బాధ గురించి ఒక పెద్ద మనిషి నన్నే అడగడం నాకు అదే మొదటిసారి. ఆ సంబరంలో వారం రోజులు దాచిపెట్టిందంతా చెప్పేశాను. తర్వాత రెండు చెంపలూ తడిమింది, దవడ కింద వేళ్ళు పెట్టి చూసింది, నోరు తెరిచి మూయమంది. చిన్న అద్దం నోట్లో పెట్టి కుడి పక్క నుంచి చూడసాగింది.

మా తాత ఓపిక అక్కడితో అయిపోయింది. "నొప్పేమో ఎడమకు, నువ్వు చూసుడేమో కుడికి. గిదేం చూసుడమ్మా?" అని లేచి నిలబడ్డాడు. "నడువు బిడ్డా, పీకెటోళ్ళు మస్తుమంది ఉన్నరు," అని నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ పీకేవాళ్ళెవరో నాకు తెలుసు. బజారులో గోడ పక్కన గోనెపట్టా పరుచుకుని కూర్చునే మనిషి, ఆయన ముందు పట్టకారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

డాక్టరమ్మకు కోపం రాలేదు. తాత ఏం పని చేస్తాడో అడిగింది. బర్రెలని ఆయన ముక్తసరిగా అన్నాడు.

"అయితే మీరే చెప్పండి తాతగారూ. ఒక బర్రె పొదుగు పట్టనివ్వకుండా తంతోంది. ఏ చన్ను చెడిందో మీరెలా కనుక్కుంటారు?"

బర్రె సంగతి అడిగితే మా తాత ఊరుకోగలడా? నిలబడే మొదలుపెట్టాడు. "తన్నంగనే తెల్వదమ్మా. నాలుగు సన్నులూ చూడాలె. ముందుగాల మంచిదాన్ని పిండుతం. పాలు ఎట్లున్నయి, మెత్తగున్నదా, వేడిగున్నదా. మంచిదెట్లుంటదో చేతికి ఎరుకైతేనే గద, చెడ్డది దొరికేది?"

"నేనూ అదే చేస్తున్నానండి. బర్రెకు పట్టినంత ఓపిక మీ మనవరాలికీ పట్టండి," అంది ఆమె నవ్వుతూ.

మా తాత నా చెయ్యి వదిలేసి మెల్లగా కూర్చున్నాడు. ఆయనను అలా ఒక్క మాటతో కూర్చోబెట్టిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆమె అద్దం కాడతో కుడివైపు పళ్ళను ఒక్కొక్కటే తట్టింది, తర్వాత ఎడమవైపు. మచ్చ ఉన్న పన్నును తట్టినా, సన్నటి కొక్కెంతో గీరినా నాకేమీ కాలేదు. అది పైపై మరకేనని, కింద పన్ను రాయిలా ఉందని చెప్పింది. తర్వాత మంచు ముక్కను దూదిలో చుట్టి, ముందు నా అరచేతికి తాకించి భయం పోగొట్టింది. చల్లగా తగలగానే చెయ్యి ఎత్తాలి, తగ్గగానే దించాలి. మచ్చ పన్నుకు ఎత్తాను, వెంటనే దించాను. కింది వరసకు వచ్చి, చివరి పన్నుకు తాకించిందో లేదో, కెవ్వుమన్నాను. అయితే నా చెయ్యి పోయి పట్టుకున్నది పై దవడనే.

డాక్టరమ్మ మా తాతను పిలిచి అద్దంలో చూపించింది. కింది పన్నుకు పక్కవాటున, పైనుంచి చూస్తే కనబడని చోట, ఒక గుంత. మరి పిల్ల పైన చూపించిందేమని ఆయన అడిగాడు. పిల్ల అబద్ధం చెప్పలేదని, రెండు దవడలకూ పోయే నరాలు ఒకే నరం కొమ్మలని, అందుకే కింది జబ్బు ఒక్కోసారి పైన నొప్పిగా తెలుస్తుందని ఆమె చెప్పింది. మంచు తీసిన కాసేపటికే నొప్పి పోయింది గనుక లోపల ప్రాణముందనీ, కింది పన్నునూ పీకక్కర్లేదనీ చెప్పింది. ఇవి పాలపళ్ళు కావు, పోతే మళ్ళీ రావు అని ఆమె అన్నప్పుడు మా తాత ముఖం వాడిపోయింది. ఆ రోజు గుంత శుభ్రం చేసి మందు పెట్టింది, కొన్నాళ్ళకు వెండిరంగు సిమెంటు నింపింది.

ఇంటికి నడుస్తూ తాత మా గల్లీ మలుపులో ఆగి నా తల మీద చెయ్యి పెట్టి, "మంచి పన్ను పీకిపిస్తుంటి గద బిడ్డా," అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా అవడం నేనెన్నడూ వినలేదు. మర్నాటి నుంచి డాక్టరమ్మ ఇంటికి తానే స్వయంగా పాలు తీసుకుపోయాడు, అదీ చుక్క నీళ్ళు కలపనివి. మిగతా గల్లీల సంగతి నేను చెప్పను.

పెద్దయ్యాక నేను బట్టలు కుట్టే పనిలో పడ్డాను. రవిక తెచ్చి చెయ్యి బిగుతుగా ఉందనేవాళ్ళు ఎందరో. తొడుక్కుని చెయ్యెత్తమంటాను, బాగున్న రెండో చేతిని ముందు చూస్తాను. చాలాసార్లు తప్పు భుజంలో దొరుకుతుంది. కత్తెర పట్టినప్పుడల్లా ఆ సన్నటి చేతులు నాకు గుర్తొస్తాయి. ఆమె ఇప్పుడు లేదు, మా తాతా లేడు.

నాకు అరవై దాటాయి. ఇప్పటికీ జొన్నరొట్టె ఎడమవైపే నములుతాను. నమిలేటప్పుడు ఆ రెండు పళ్ళూ ఒకదానికొకటి తగులుతాయి. కిందిది డాక్టరమ్మ బాగుచేసింది, పైది ఆమె పీకకుండా వదిలిపెట్టింది. ఆ వదిలిపెట్టినదానికే నేను ఆమెకు ఎక్కువ దండం పెట్టుకుంటాను.