దుబాయి ట్యూబు

ముఖానికి రాసుకునే వాటికి మా వైపు నాలుగే పేర్లు సరిపోయిన కాలం ఒకటి ఉండేది. స్నో, పౌడరు, కాటుక, తిలకం. ఈ నాలుగూ ఒకే డబ్బాలో పెట్టుకున్న పిల్లను మహారాష్ట్ర సరిహద్దులోని మా భోకర్‌లో షోకుల పిల్ల అనేవారు. తొంభైల చివరికి వచ్చేసరికి నాందేడ్ దుకాణాల అద్దాల వెనక ఎక్కడెక్కడివో సీసాలు బారులు తీరాయి. వాటి మీది పేర్లకు అర్థం ఎవరికీ తెలియదు. తెలియదని ఒప్పుకున్నవాళ్ళూ లేరు. ఒప్పుకోనివాళ్ళ వరుసలో అందరికన్నా ముందు నిలబడిన మనిషిని నేను. అప్పుడే అత్తెసరు మార్కులతో బీఏ గట్టెక్కి, ఇంగ్లీషు ఒక సబ్జెక్టుగా చదివిన కారణానికి ఇంగ్లీషు వచ్చినదాన్ని అయిపోయాను.

ఆ ఇంగ్లీషు చూసే నాకు నాందేడ్ వజీరాబాద్ పేటలో మేడ మీది బ్యూటీ పార్లర్‌లో పని దొరికింది. దాన్ని నడిపే మరాఠీ ఆవిడను అందరూ ‘తాయి’ అనేవారు, అంటే అక్క. ఆమె దారంతో కనుబొమ్మలు తీస్తుంటే చూడముచ్చటగా ఉండేది, కానీ చదువు నాలుగో తరగతి దాటలేదు. సీసా మీది అక్షరాలు ఆమెకు ముగ్గులతో సమానం. ‘తూ బీఏ నా? మగ్ వాచ్’ అని (బీఏ కదా, అయితే చదువు అని) సీసా నా చేతిలో పెట్టేది. నేను చదివేదాన్ని. చదవడం వరకు నిజమే. అర్థం మాత్రం అక్కడికక్కడ పుట్టించేదాన్ని.

మాయిశ్చరైజర్ సంగతే చెబుతాను. మా నాయన పత్తి బండి మార్కెట్‌కు తోలిన ప్రతిసారీ వ్యాపారి గుప్పెడు పత్తి పిండి చూసి, ‘మాయిశ్చర్ ఉన్నది పటేలా’ అని ధర తగ్గించేవాడు. కాబట్టి నా ఎరుకలో మాయిశ్చర్ అంటే ఒక దోషం, మాయిశ్చరైజర్ అంటే ఆ దోషం తీసే మందు. జిడ్డు ముఖాలతో వచ్చిన ఆడవాళ్ళందరికీ దాన్నే అంటగట్టాను. వాళ్ళు పదిరోజులకు ఇంకా నిగనిగలాడుతూ తిరిగొస్తే, ‘లోపటి నూనె బయటికస్తున్నది, మంచిదే’ అని ధైర్యం చెప్పాను. టోనర్ అంటే కింది జిరాక్స్ దుకాణంలో పోసే నల్లపొడి అని తెలుసు. ముఖానికి రాసేది నీళ్ళలా ఉండటంతో దాన్ని ‘తెల్ల టోనర్’ అన్నాను. ఎండ తగలకుండా రాసుకునే క్రీము మీద ఎస్పీఎఫ్ పదిహేను అని ఉంటే, పదిహేను రోజుల్లో తెల్లబడతారన్న హామీగా దాన్ని వివరించాను. (ఆ ఒక్క అబద్ధంతో ఎన్ని సీసాలు అమ్ముడుపోయాయో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం గర్వపడ్డాను.) ఫౌండేషన్ అంటే పునాది అని మాత్రం సరిగ్గా చెప్పాను. అది నమ్మడానికే జనం వెనకాడారు.

ఇలా ఏడాది గడిచింది. ఒక ఎండాకాలం ఉదయం హిమాయత్‌నగర్ బస్సు దిగి ఒక పెళ్ళికూతురు, ఆమె మేనత్త మా మెట్లెక్కారు. మర్నాడే నాందేడ్‌లోని ఒక మంగళ్ కార్యాలయంలో, అంటే కల్యాణమండపంలో, పెళ్ళి. పిల్ల చామనఛాయ, నిదానం మనిషి, ఊళ్ళో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పేదట. మేనత్త ముఖానికీ మెడకూ ఎక్కడా పొత్తు లేదు. ముఖం మీద పౌడరు అంత మందంగా ఉండటంతో నేను ఆమెకు మనసులోనే ‘మైదా అత్త’ అని పేరు పెట్టుకున్నాను. ఆమె సంచిలోంచి ఒక పొడుగాటి బంగారు రంగు ట్యూబు తీసింది.

“పిల్ల చిన్నాయన దుబాయికెల్లి తెచ్చిండు. అక్కడ దొరసానులు ఇదే రాసుకుంటరట. నీకు ఇంగ్లీషు అస్తదట గద బిడ్డా, ఎట్ల పెట్టాల్నో సదివి చెప్పు,” అంది.

ట్యూబు మీద ‘సెల్ఫ్ ట్యానింగ్ లోషన్’ అని ఉంది. సెల్ఫ్ తెలుసు, లోషన్ తెలుసు. మధ్యదే నాకు కొత్త. ఎండకు కమిలిన ముఖాన్ని మేము కమిలిన ముఖమే అనేవాళ్ళం. ‘ట్యాన్’ అన్న ముక్క ఇంకా గోదావరి దాటి మా మేడ మెట్లెక్కలేదు. తెరచాటుకు వెళ్ళి కాలేజీ నాటి ఇంగ్లీషు–మరాఠీ డిక్షనరీ తిరగేశాను. ట్యాన్ అంటే తోలును పదును చేయడం అని మొదటి అర్థం. రెండో అర్థం కూడా ఉండే ఉంటుంది. చదివే ఓపిక ఎవరికి? తోలు పదును చేస్తే మెత్తబడుతుంది, మెత్తబడితే మెరుస్తుంది, మెరిస్తే తెల్లబడినట్టే కదా అని గొలుసు కట్టుకుని బయటికి వచ్చాను.

“ఇది రాస్తే తోలు దానంతట అదే పదునైతది. నునుపై, తెల్లగైతది. ఒక రాత్రి ఉంచుకోవాలె,” అన్నాను.

తాయి నా వంక చూసి, “నక్కీ నా?” అంది.

“హో తాయీ, నక్కీ,” అన్నాను. అంటే, ఖాయం.

అనుమానం వచ్చింది పెళ్ళికూతురికొక్కతెకే. “పిలగాడు నన్ను చూసే ఒప్పుకున్నడు గదా అత్తమ్మా. మళ్ళ ఈ రంగెందుకు?” అంది మెల్లగా.

“ఆయన ఒప్పుకున్నడు, సరే. చూడనీకి అచ్చేటోళ్ళందరు ఒప్పుకోవాలె గద,” అంది మైదా అత్త.

పిల్ల ముఖానికి, మెడకు, మోచేతుల దాకా వట్టి చేతులతోనే పట్టించాను. మైదా అత్త తన ముఖం కూడా ముందుకు చాపింది. ఆమెకూ రాశాను. వాళ్ళు వెళ్ళాక ట్యూబు అడుగున ఇంకొంచెం మిగిలింది. వచ్చే వారం నన్ను చూడటానికి ఇస్లాపూర్ నుంచి ఒకరు వస్తారని ఇంట్లో చెప్పి ఉన్నారు. ఆ మిగిలింది ఎవరి ముఖానికి చేరిందో వేరే చెప్పక్కర్లేదు.

తెల్లారి అద్దంలో చూసుకుంటే ముఖం వేయించిన పల్లీ పొట్టు రంగులో ఉంది. అరచేతులు డిజైన్ లేని గోరింటాకులా ఉన్నాయి. సబ్బు అరిగింది కానీ రంగు అరగలేదు. మంగళ్ కార్యాలయానికి పరుగెత్తాను. పెళ్ళికూతురి గదిలో తాయి అప్పటికే నిలబడి ఉంది. పిల్ల ముఖం కొత్త రాగిచెంబులా ఉంది. చేతులకు మోచేతుల దాకా రాగి తొడుగులు తొడిగినట్టుంది. మైదా అత్త పరిస్థితి ఇంకా ఘోరం. ఉక్కపోతకు ముఖం కొంగుతో తుడుచుకుందేమో, చారలు చారలుగా పులిలా కూర్చుంది.

“కాయ్ లావలంస్ గ?” అని అడిగింది తాయి, ఏం రాశావే అని. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేదనిపించింది.

ఏడాదిగా నోటికి రాని మాట అప్పుడు వచ్చింది. “దాని అర్థం నాకు తెలవదు తాయీ.”

మైదా అత్త శాపనార్థాలు మొదలుపెట్టింది. తాయి ఆమెను పట్టించుకోకుండా పిల్ల ముఖానికి తెల్లటి పాన్‌కేక్ మేకప్ పూయడం మొదలుపెట్టింది. రాగి మీద తెలుపు పడేసరికి ముఖం బూడిద రంగుకు తిరిగింది. బయట బాజాలు మోగుతున్నాయి, ముహూర్తానికి గంట కూడా లేదు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. అప్పుడు పెళ్ళికూతురు అద్దంలో తనను, వెనక నిలబడిన నన్ను చూసింది. ఇద్దరిదీ ఒకే రంగు. పెదవి కొరుక్కుని ఆపుకోబోయింది కానీ నవ్వు వచ్చేసింది.

“నువ్వు గూడ పెట్టుకున్నవా అక్కా?” అంది. తర్వాత తాయి చెయ్యి పట్టుకుని ఆపింది. “ఇది కడిగెయ్యి తాయీ. నేను ఇట్లనే పోత.”

కడిగేశాం. కాటుక, బొట్టు, పూలు, అంతే. పసుపు చీరలో రాగి రంగు పిల్ల నడుస్తుంటే, నిజం చెప్పాలంటే, నాకు తప్పు చేసినట్టే అనిపించలేదు. అడ్డుతెర దించినప్పుడు నేను దువ్వెన పట్టుకుని ఆమె వెనకే ఉన్నాను. పెళ్ళికొడుకు ఒక నిమిషం తేరిపార చూసి, వంగి, “జరమచ్చిందా ఏంది? ఎండల తిరిగినవా?” అన్నాడు కంగారుగా.

“లేదు. ఇంగ్లీషు పూసుకున్న,” అంది పిల్ల.

ఆయనకు అర్థం కాలేదు కానీ నవ్వాడు. అక్షింతలు పడ్డాయి. ఆమె రంగు గురించి ఆ పూట ఇంకెవరూ మాట్లాడలేదు. వచ్చినవాళ్ళందరి ధ్యాసా పంక్తుల మీదే ఉంది. మైదా అత్త మాత్రం కొంగు ముఖం మీదికి లాక్కుని, అన్నం కూడా ఆ ముసుగులోంచే తింది. అది చూసి మగపెళ్ళివారి పెద్దావిడ ఒకామె, “కితీ మర్యాదా ఆహే బాయిలా,” ఈ కాలంలో ఇంత మర్యాదస్తురాలు ఎక్కడుందని పదిమందికీ చూపించి మెచ్చుకుంది. మైదా అత్త జీవితంలో అంత గౌరవం ఎన్నడూ పొందలేదని తర్వాత పిల్ల తల్లే చెప్పింది.

ట్యాన్ రెండో అర్థం నాకు ఆ సోమవారం తెలిసింది. కింది మందుల దుకాణాయన ఖాళీ ట్యూబు చదివి, కళ్ళద్దాలు తీసి నవ్వాడు. “తెల్లోళ్ళు పైసలు పెట్టి మన రంగు కొనుక్కుంటరమ్మా, ఇది గదే.” తాయికి మరాఠీలో చెబితే మెట్ల మీద కూలబడి నవ్వింది. మేము తెల్లదనం అమ్ముకుని బతుకుతుంటే, తెల్లవాళ్ళు నల్లదనం కొనుక్కుని మురుస్తున్నారట. మధ్యలో సీసాలవాడు ఇద్దరికీ దండం పెడుతున్నాడు. తాయి నన్ను పనిలోంచి తీయలేదు. కానీ రెండు నెలలు వ్యాక్స్ కరిగించే పొయ్యి దగ్గరే కూర్చోబెట్టింది, ఎవరేం అడిగినా ముందు ‘తెలవదు’ అనాలని ఒట్టు వేయించుకుంది.

ఇస్లాపూర్ వాళ్ళు చెప్పిన రోజుకే వచ్చారు. రంగు ఇంకా సగం మిగిలే ఉంది. వాళ్ళు నన్ను కాదనుకున్నారు, చదువు ఎక్కువైందట. రంగు ఊసే ఎత్తలేదు. నాకు అదే కాస్త చిన్నతనమనిపించింది.

మొన్న ఆ కుట్టుపని పిల్ల (ఇప్పుడు ఇద్దరు పెద్ద పిల్లల తల్లి) పెళ్ళి ఆల్బమ్‌లోంచి ఒక ఫొటో పంపింది. ముందు ఆమె తలవంచుకుని ఉంది. వెనక దువ్వెన పట్టుకుని, ముఖం దాచుకోవడానికి స్తంభం చాటుకు జరుగుతూ ఒక సన్నపిల్ల. పెద్ద కళ్ళు, బెదిరిన చూపు, రాగి రంగు ముఖం. అద్దాలు సవరించుకుని చాలాసేపు చూశాను. బాగుంది ఆ పిల్ల. ఎంత బాగుందో ఆ రోజు ఒక్కరైనా దానికి చెప్పి ఉండాల్సింది. చెప్పినా నమ్మేది కాదనుకోండి. ఎస్పీఎఫ్ ఎంత అని అడిగేది.