డిస్కుకు ఆముదం

మార్కాపురంలో షేర్ ఆటో పేరెత్తితే నాకు ఇప్పటికీ ముక్కు మూసుకోవాలనిపిస్తుంది. ముగ్గురి సీటులో ఐదుగురు, డ్రైవరుకు అటొకరు ఇటొకరు, వెనక కాళ్ళు బయటికి వేలాడేసుకొని ఇంకొందరు. గుట్కా నమిలిన నోళ్ళు, నిన్నటి చెమట, ఎవరి ఒళ్ళోనో ఎండుచేపల సంచి. మలుపులో డ్రైవరు తల బయటపెట్టి ఉమ్మితే ఆ తుంపర గాలికి తిరిగి వెనక సీటుకే వస్తుంది. పలకల పని జరిగే చోటు దాటేటప్పుడు బూడిదరంగు దుమ్ము వచ్చి దాని మీద కూర్చుంటుంది. కాలేజీ ముందు దిగేసరికి మనిషి మొహం మనిషికి ఉండదు.

నేను ఊరి చివర ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. ఉమ్మి, దుమ్ము, ఎండుచేపలు అన్నీ భరించాను. భరించలేకపోయింది ఒక చెయ్యి. రోజూ నేను ఎక్కే వేళకే ఒక పెద్దమనిషి ఎక్కేవాడు. నుదుట విభూతి, చేతిలో టిఫిన్ క్యారియర్, మా నాయన వయసు. ఆటో గుంతలో పడ్డప్పుడల్లా ఆయన చెయ్యి నా తొడ మీద పడేది. కొన్నాళ్ళకు గుంత లేకపోయినా పడేది. "కొంచెం జరగండి" అంటే "చోటేదమ్మా జరగడానికి" అని అందరికీ వినపడేలా నవ్వేవాడు, మిగిలిన వాళ్ళూ నవ్వేవాళ్ళు. వేళ మార్చి చూశాను, ఆటో మార్చి చూశాను. ఆయన లేని ఆటోలో ఇంకొకడు ఉండేవాడు.

ఇంట్లో చెప్పలేదు. మాది కిరాణా దుకాణం ఉన్న ఇల్లు. కోడలు బయటికి పోయి ఉద్యోగం చేయడమే మావాళ్ళకు గొంతులో ముల్లు. చెబితే వాడెవడని ఎవరూ అడగరు, ఉద్యోగం మానెయ్ అంటారు. చెప్పకపోతే రేపు మళ్ళీ ఆ చెయ్యి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. అందుకని సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులు విడిచి నేరుగా స్నానాలగదిలోకి పోయేదాన్ని. పీచు పెట్టి తొడ ఎర్రబడేదాకా తోముకునేదాన్ని. మా అత్త ఏమీ అడిగేది కాదు. నేను వచ్చే వేళకు బకెట్లో వేడినీళ్ళు తొరిపి పెట్టి ఉంచేది. ఆ ఇంట్లో నాకు జరిగే మర్యాద అదొక్కటే అనుకునేదాన్ని.

స్కూటీ నాకు అచ్చిరాలేదు. మా ఆయన నేర్పబోతే భయంలో ఇంకాస్త రయ్యిమనిపించి ఎదురింటి గోడకు గుద్దాను. ఆ గోడకున్న గీత ఇంకా ఉంది, ఎదురింటావిడ దాన్ని చుట్టాలందరికీ చూపిస్తుంది. సైకిలైతే నాకు పుట్టుకతో వచ్చినట్టే. కొమరోలులో హైస్కూలుకు మా నాయన సైకిలు మీదే పోయేదాన్ని, అడ్డకడ్డీ కింది నుంచి కాలు దూర్చి తొక్కుతూ. అందుకని సైకిలు కొనుక్కుంటానన్నాను. ఎందుకని అడిగితే, మోకాళ్ళు పట్టేస్తున్నాయి, తొక్కితే వదులుతాయి అన్నాను. ఇంత అబద్ధానికే ఇల్లంతా ఒక వారం చర్చ జరిగింది.

నేను మాత్రం ఫోనులో చూసి చూసి ఏది కావాలో తేల్చుకున్నాను. దాన్ని హైబ్రిడ్ అంటారు. కొండలెక్కే సైకిలుకున్నంత లావు టైర్లు ఉండవు, పందెం సైకిలుకున్నంత సన్నవీ ఉండవు. హ్యాండిల్ తిన్నగా ఉంటుంది, నడుము వంచకుండా కూర్చొని ముందూ వెనకా చూసుకుంటూ పోవచ్చు. తేలిక. మా ఊరి రోడ్డుకు, అంటే సగం తారు, సగం గుంత, మిగిలింది బర్రెలు, ఇంతకంటే సరైనది లేదు. మా కాలేజీలో లేడీ లెక్చరర్లకు చుడీదార్లు ఒప్పుకుంటారు. ఆ కాలేజీ నాకు చేసిన మేలు అదొక్కటే.

ఏది కావాలో తెలిసినంత మాత్రాన కొనుక్కోవడం మా ఇళ్ళలో కుదరదు. మనవాళ్ళ దుకాణం ఉండగా పరాయి గడప తొక్కడం పెద్ద తప్పు. బట్టలకు ఒక చిన్నాన్న, మందులకు ఒక అన్న, స్టీలు సామాన్లకు ఒక బావ. వాళ్ళ దగ్గర లేని వస్తువు లోకంలో లేనట్టే. సైకిళ్ళకు మా మామగారి అన్న ఉన్నాడు. నేను పెద్దమామ అంటాను. జిల్లాలు కొత్తగా గీసినా మాకు ఒంగోలు దూరం తగ్గలేదు గానీ, అక్కడికి పోయి కొనుక్కొస్తానంటే ఆయన నాలుగు తరాలు గుర్తుపెట్టుకునేవాడు.

"హైబ్రిడ్డా?" అన్నాడు పెద్దమామ. "పత్తి ఇత్తనాల్లో ఇన్న్యా, మిరపనారులో ఇన్న్యా. సైకిళ్ళలో ఏందమ్మా హైబ్రిడ్డు?"

వివరంగా చెప్పాను. ఆయన విన్నట్టే విని గులాబీరంగు లేడీస్ సైకిలు ఒకటి బయటికి లాగాడు. ముందు బుట్ట, ఆ బుట్టకు ప్లాస్టిక్ పూలు. తొమ్మిదో తరగతి పిల్ల కూడా సిగ్గుపడేలా ఉంది. వద్దన్నాను. అప్పుడు లావు టైర్లు, ముందూ వెనకా స్ప్రింగులు, ఒళ్ళంతా మంటల బొమ్మలున్న సైకిలు తెచ్చాడు. "ఇదే నువ్వు చెప్పే హైబ్రిడ్డు. గేర్లుండాయి చూడు." సీటుకు చుట్టిన ప్లాస్టిక్ కవరు తీయమంటే ఒప్పుకోలేదు, తీస్తే పాతదైపోతుందట. ఆ కవరు మీద అటూ ఇటూ జారుతూ వీధి చివరిదాకా తొక్కాను. నేను ఒక అడుగు తొక్కితే సగం అడుగు స్ప్రింగులే మింగేశాయి. దిగి, "మామా, దీంతో కాలేజీకి పోతే మధ్యాహ్నం అన్నం బెల్లుకు చేరుకుంటా" అన్నాను.

ఆయన మొహం ముడుచుకుంది. "ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెదొక దారి" అన్నాడు, నాతో కాదు, బిగించని చక్రంతో. అయినా కోడలి బేరం పోగొట్టుకోలేక ఒంగోలు నుంచి హైబ్రిడ్డే తెప్పించాడు. తెప్పించింది నా సైజు కాదు. ఆరడుగుల మగవాడు ఎక్కేంత ఎత్తు ఫ్రేము. ఎందుకని అడిగితే, "పెద్దది తీసుకుంటే కలిసొస్తాదని" అన్నాడు. మావాళ్ళు చొక్కా కొన్నా, చెప్పులు కొన్నా, బిందె కొన్నా ఒక సైజు ఎక్కువే కొంటారు.

"నేనింక పెరుగుతానా మామా?" అన్నాను.

దుకాణంలో పంచర్లు వేసే ఆయన పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకు పెద్దమామకు రోషమొచ్చి దాన్ని వెనక్కి పంపి సరైన సైజు తెప్పించాడు. ముదురు నీలం రంగు, తిన్నని హ్యాండిలు, రెండు చక్రాలకూ నడుమ ఇనుప పళ్ళెంలాంటి డిస్కు బ్రేకులు. నాకు కావలసింది అదే. దాన్ని చూస్తే నాకు నిజంగా సంతోషమైంది, ఈ మొత్తం వ్యవహారంలో నేను సంతోషపడింది ఆ పూట ఒక్కటే.

శుక్రవారం పొద్దున ఇంటి ముందు పూజ. నిమ్మకాయలు, కొబ్బరికాయ, హ్యాండిలుకు చామంతి దండ. పసుపు ముద్ద చేసి రెండు డిస్కులకూ పట్టించి కుంకుమ బొట్లు పెట్టింది మా అత్త. "అత్తా, అక్కడ వద్దు" అనేలోపే అయిపోయింది. తడిగుడ్డతో తుడిచాను. తోసి చూస్తే బ్రేకు కిర్రుమంది. ఎండితే అదే పోతుందని లోపలికి పోయాను.

మా ఇంట్లో ఒక అలవాటుంది. శుక్రవారం నాడు దుకాణంలో పాత తక్కెడ దగ్గర్నుంచి ఇంటి తలుపు బందుల దాకా, కదిలే ప్రతిదానికీ ఆముదం పెడతారు. కిర్రుమనడం ఇంటికి మంచిది కాదట. ఇప్పుడు తూకం కరెంటు కాటాతోనే, అయినా ఆ పాత తక్కెడ ప్రతి శుక్రవారం నూనె తాగుతూనే ఉంటుంది. ఇదంతా నాకు తెలుసు. సైకిలుకు కూడా పెడతారని మాత్రం తోచలేదు.

శనివారం పొద్దున బయల్దేరాను. మా వీధి దాటి పెద్దరోడ్డు ఎక్కేదాకా బ్రేకుతో పని పడలేదు. చల్లగాలి మొహానికి తగులుతోంది. పక్కన ఎవరి మోచెయ్యీ లేదు. గేరు మారిస్తే చిన్నగా టక్కుమంటోంది. సరిగ్గా అప్పుడు ముందు పోతున్న ఆటో, చెయ్యెత్తిన మనిషి కోసం నడిరోడ్డు మీద ఆగిపోయింది. రెండు బ్రేకులూ పట్టాను. పిడికిలి హ్యాండిలుకు అతుక్కుపోయేంత గట్టిగా పట్టాను. సైకిలు ఆగలేదు. ఆటోను తప్పించి పక్కకు తిప్పితే మురుగు కాలువ. సైకిలుతో సహా దాంట్లో పడ్డాను.

ఆ కాలువ గురించి రాయకుండా ఉండలేను. పైన పేరుకున్న తెట్టు, దాని కింద నల్లగా జిగురు, హోటలు వాళ్ళు పారబోసిన సాంబారు, కోడి ఈకలు, ఇంకా నేను పేరు పెట్టదలచుకోనివి. మోకాలు చీరుకుపోయింది. నోట్లోకి కూడా పోయింది. లేచి నిలబడేసరికి గట్టు మీద జనం ఫోన్లు పట్టుకొని ఉన్నారు. ఎవరూ చెయ్యి ఇవ్వలేదు. ఇస్తే వాళ్ళ చెయ్యి పాడవుతుంది కదా.

ఆటో డ్రైవరు తల బయటపెట్టి ఒకసారి ఉమ్మి, "ఎందుకక్కా నీకీ సర్కసు? రా, కూసో, దింపుతా" అన్నాడు.

వెనక సీటులో ఆ పెద్దమనిషి ఉన్నాడు. నుదుట విభూతి, ఒళ్ళో టిఫిన్ క్యారియర్. పక్కకు జరిగాడు. ఇన్నాళ్ళూ జరగడానికి లేని చోటు ఆరోజు ఉంది. ఆ ఖాళీ మీద అరచేత్తో తట్టి, "రామ్మా, ఇట్ల కూసో" అన్నాడు.

కాలువ కంపు నాకు ఆ క్షణంలో నయమనిపించింది. సైకిలు ఎత్తుకొని గట్టెక్కి, నడిపించుకుంటూ ఇంటికి వచ్చాను. దారిలో ఒకచోట ఆగి డిస్కు మీద వేలు పెట్టాను. జిడ్డు. వాసన చూశాను. అంత మురికిలోనూ ఆముదం వాసన ఆముదం వాసనే.

సాయంత్రం మా ఆయన, పెద్దమామ, అత్త నడవలో కూర్చున్నారు. సైకిలు వాకిట్లో కంపు కొడుతూ నిలబడి ఉంది. ఆముదం ఎవరు పెట్టారని అడిగాను.

"నేనే పెడితి," అంది అత్త. "ఏడస్తా ఉండె. పూజ చేసిన బండి ఏడవగూడదని రెండు చక్రాలకూ బాగ పట్టిస్తి."

"డిస్కుకు నూనె పెడితే బ్రేకు పడదత్తా. నేను లారీ కింద పడుంటే?"

"పడలేదు గదమ్మా," అన్నాడు పెద్దమామ. "ఇంక దాని మాట ఇడ్సిపెట్టు. సైకిలు నేను వాపసు తీసుకుంటాలే. నీకు అచ్చిరాలేదు, అంతే."

"సోమవారం నుంచి ఆటోలోనే పో," అన్నాడు మా ఆయన.

ఆటో అన్న మాట వినగానే నాలో ఏదో తెగింది. ఇక దాచలేదు. గుంతలు, విభూతి, ఆ చెయ్యి ఎక్కడ పడేదో, నేను ఎందుకు వేళలు మార్చేదాన్నో, ఆ పొద్దున సీటు మీద ఎట్లా తట్టాడో, అంతా చెప్పాను. పెద్దమామ ముందు తొడ అన్న మాట అనకూడదు. అన్నాను.

మా ఆయన నేల చూపులు చూస్తూ, "ఇన్నాళ్ళు చెప్పలేదేంది?" అన్నాడు. పెద్దమామ గొంతు సవరించుకొని, "అందుకేనమ్మా మొదట్నుంచీ చెప్పేది, మన ఆడోళ్ళకు ఉద్యోగాలెందుకని" అన్నాడు. వాడెవడని ఎవరూ అడగలేదు. నేను అనుకున్నది అక్షరం తప్పలేదు.

అప్పుడు అత్త అంది, "నాకు తెల్సు."

"ఏం తెలుసత్తా?"

"ఆటోలో ఏందో జరుగుతాందని. ఆడది ఇంటికి రాంగనే ఒళ్ళు తోముకుంటే ఇంకో ఆడదానికి తెలీదా ఏంది? నా చిన్నతనంలో గిద్దలూరు బస్సులో వచ్చినప్పుడల్లా నేనూ అట్లనే తోముకుంటి."

"తెలిసి ఒక్క మాటా అనలేదా?"

"అని ఏం చేస్తాం? పోను పోను నీకే రోత పుట్టి మానుకుంటావులే అనుకుంటి." ఇదొక ఘనకార్యమైనట్టు, "అందుకే గదా దినామూ నీళ్ళు కాచిపెడితి" అంది.

ఆటోలో ఆ పెద్దమనిషి చెయ్యి మీద కలగనంత అసహ్యం నాకు ఆ నీళ్ళ మీద కలిగింది. రోజూ అవి ఒంటి మీద పోసుకొని, పాపం మా అత్త అనుకున్నాను. నా ఒంటి మీద ఏం జరుగుతోందో తెలిసే, నాకెప్పుడు రోత పుడుతుందా అని ఎదురుచూస్తూ ఆమె వాటిని కాచింది. తిట్టాలనుకున్నాను. ఆమె మొహం చూస్తే ఆమెకు తిట్టు అర్థమవుతుందనిపించలేదు.

"అయితే ఇప్పుడు కూడా కాచిపెట్టత్తా," అన్నాను.

ఎందుకని అడగకుండా కాచింది. వాకిట్లో సైకిలును తలకిందులుగా నిలబెట్టి, బట్టల సబ్బు నురగతో డిస్కులు రుద్దాను. ఆమె నీళ్ళు పోసింది. బ్రేకు ముక్కలు ఊడదీసి, జిడ్డు పోయేదాకా గరుకు కాగితం మీద అరగదీశాను. పెద్దమామ చెప్పులేసుకొని వెళ్ళిపోయాడు. మా ఆయన ఒక చెయ్యి వేయబోతే వద్దన్నాను. సోమవారం కాలేజీకి సైకిలు మీదే పోయాను.

ఆ సాయంత్రం ఇంటి ముందు బ్రేకు వేస్తే వీధంతా వినపడేలా కిర్రుమంది. అత్త ఆముదం గిన్నె పట్టుకొని గడప దాకా వచ్చింది.

"ఏడస్తాంది, ఇన్లేదా?" అంది.

"ఏడవడం కాదత్తా, అరుస్తోంది. అరవనీ," అన్నాను.

గిన్నె పట్టుకొని లోపలికి పోయింది. స్నానాలగదిలో బకెట్ నిండా నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. వాటిని వాకిట్లోకి తెచ్చి పారబోశాను.