రెండు సీట్లు, ఒక మామిడి పండుగ

మా గూడెంలో మామిడి పండుగ కాకముందు మామిడికాయ నోట పెట్టకూడదు. చెట్టు నిండా కాయలు వేలాడుతున్నా సరే, ఊరి పెద్దలు మొదటి కాయల్ని దేవతకూ చనిపోయిన పెద్దలకూ పెట్టి, ఇంటింటికీ వాటా పంచాలి. ఆ తర్వాతే పచ్చడైనా పప్పైనా. నేను యూనివర్సిటీ చదువుకు సిద్ధమైన ఏడాది, ఎండాకాలం మొదట్లో ఊళ్ళో వరసగా చావులు జరిగి పండుగ వెనక్కి పోయింది. చండ్రుగొండ సంతలో కాయలు కుప్పలు పోసి అమ్ముతుంటే మా పిల్లలంతా గుటకలు మింగుతూ తిరిగారు. నేనూ మింగాను, దాచడం ఎందుకు.

అప్పటికి భద్రాచలంలో నా డిగ్రీ అయిపోయింది. అక్కడి హాస్టల్లో సగానికి పైగా అడవి ఊళ్ళ పిల్లలమే. ఏ ఊళ్ళో పండుగ అయిందో, ఎవరికి ఇంకా కాలేదో వంట చేసే ఆమెకు కూడా తెలుసు. పండుగ కాని వాళ్ళకు వేరే గిన్నెలో వట్టి పప్పు తీసి ఉంచేది. అదొక సుఖమని అప్పుడు తోచలేదు.

ఎమ్మెస్సీలో వృక్షశాస్త్రం చదవాలని రెండు చోట్ల ప్రవేశ పరీక్ష రాశాను. ఒకటి పట్నంలో, అంటే హైదరాబాదులో. రెండోది మాకు దగ్గర్లో, పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి చేరే ఊళ్ళో. రెండు చోట్లకీ నాయన తోడు వచ్చాడు.

పట్నంలో పరీక్షకు ముందు ఒక గది చూశాను. ఎండబెట్టిన మొక్కల్ని అట్టల మీద అతికించి, బీరువాల నిండా దాచిన గది. తలుపు తీసి ఉంటే లోపలికి దూరాను. అక్కడి ఉద్యోగి కసురుకోకుండా ఒక బీరువా తెరిచి చూపించాడు. అందులో మా వాగు ఒడ్డున మొలిచే తీగ ఒకటి కనబడింది. మా మేకలు కూడా మూతి పెట్టని తీగ! దాన్ని అంత మర్యాదగా అతికించి, పేరు రాసి, ఎక్కడ దొరికిందో రాసి పెట్టారు. మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆ గదిలోంచి కదలబుద్ధి కాలేదు.

పరీక్ష అయ్యాక క్యాంటీన్లో కూర్చున్నాం. పళ్ళెంలో మామిడికాయ పప్పు వడ్డించారు. నాయన దాన్ని అంచుకు జరిపి, మజ్జిగ పోసుకున్నాడు. నేనూ జరిపాను. ఎదురుగా నాతోపాటే పరీక్ష రాసిన గుంటూరు వైపు అమ్మాయి కూర్చుంది.

"పప్పు బాగుందండీ, తినట్లేదేం?" అంది.

సంగతి చెప్పాను. ఆ అమ్మాయి కళ్ళు పెద్దవి చేసి, "ఇక్కడ మిమ్మల్ని ఎవరు చూస్తారండీ?" అని నవ్వింది.

నాకసలే ముక్కు మీద కోపం. "ఎవరో చూస్తారని మానేస్తామా?" అన్నాను, పక్క బల్లల వాళ్ళు ఇటు తిరిగేంత గట్టిగా. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది.

"మెల్లగ, బిడ్డా" అన్నాడు నాయన.

దగ్గరి యూనివర్సిటీలో అలాంటి గది లేదు. ప్రయోగశాల కూడా చిన్నదే. కానీ భద్రాచలం హాస్టల్లో నాకంటే పై తరగతి చదివిన అక్క ఒకామె అక్కడ ఉంది. ఆమెది గోదావరి అవతలి గూడెం. హాస్టల్ గేటు పక్కన నీడలో మమ్మల్ని కూర్చోబెట్టి వంకాయ కూర, చారు, అన్నం తెచ్చిపెట్టింది.

"మామిడికాయ పచ్చడి తేలే. మీకింకా పండుగ కాలేదంట గదా" అంది.

నేను చెప్పలేదు, తనే ఎవరినో అడిగి కనుక్కుంది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాయన కడుపునిండా తిన్నాడు. బయలుదేరేటప్పుడు అక్క నా చెయ్యి పట్టుకుని, "వచ్చెయ్యి చెల్లే, కిటికీ పక్క మంచం నీకే ఉంచుత" అంది. ఆ మంచం మాట తలచుకుంటే నాకిప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

రెండు చోట్లా సీటొచ్చింది. అక్కడ మొదలైంది నా కష్టం. దగ్గరి దాంట్లో చేరితే స్కాలర్‌షిప్‌తో గడిచిపోతుంది. పట్నమైతే అది చాలదు, అమ్మా నాయనా బీడీలకు తునికాకు కోసే పని అయిపోయాక కూడా కూలికి పోవాలి. చదువు సంగతి చూస్తే పట్నమే మేలు. మనుషుల సంగతి చూస్తే దగ్గరిదే. లోపల ఇంకో భయం కూడా ఉండేది. పళ్ళెం ముందు కూర్చున్న ప్రతిసారీ మా సంగతి చెప్పుకుంటూ ఎన్నాళ్ళు ఉండగలను? విసుగొచ్చి ఒకరోజు తినేస్తే, ఆ తర్వాత ఊళ్ళో ఏ ముఖంతో వాటా తీసుకోవాలి?

చివరికి పండుగ జరిగింది. పంచిన కాయల్ని అమ్మ కోస్తుండగా, "దగ్గరి దాంట్లనే చేరుత. ఆడ మనోళ్ళున్నరు" అన్నాను.

నాయన ఒక ముక్క నోట్లో వేసుకుని, పులుపుకు కళ్ళు మూసి తెరిచాడు.

"మనోళ్ళు కావాల్నంటే ఈడనే ఉన్నరు గదా. పట్నం నుంచి వచ్చేటప్పుడు బస్సుల మొత్తం ఆ మొక్కల గది ముచ్చటే చెప్పినవ్. ఇంకో కాడికి పోయొచ్చి ఏం చెప్పినవ్? అన్నం ముచ్చట చెప్పినవ్."

"మరి పండుగో?"

"నీ వాటా నీకుంటది. అయిన రోజు ఫోన్ చేస్త. అప్పటిదాంక ఆగు."

అమ్మ "పైసలు?" అంది. "చూసుకుందాం" అన్నాడు. ఆ చూసుకోవడం వాళ్ళ రెక్కల మీదే పడుతుందని తెలిసీ నేను పట్నానికే పోయాను.

హాస్టల్లో నా గదిలో ఎవరు చేరారనుకున్నారు? ఆ గుంటూరు పిల్లే. మొదటి వారం ఇద్దరం ముఖాలు తిప్పుకున్నాం. తర్వాత మమ్మల్ని విడదీయడం ఎవరి తరమూ కాలేదు.

మరుసటి ఎండాకాలం మెస్సులో మామిడికాయ పప్పు మొదలైంది. నేను గిన్నె పక్కకు జరిపాను. తనూ జరిపింది.

"నీకేమైంది?" అన్నాను.

"నువ్వొక్కదానివే చప్పిడి తిండి తింటావా?" అని మజ్జిగ పోసుకుంది. పులుపంటే పడి చచ్చే మనిషి! రోజూ పక్క బల్లల మీది పచ్చడి వైపు చూసి నిట్టూర్చేది, కానీ ముట్టేది కాదు.

ఒక మధ్యాహ్నం వాచ్‌మన్ ఫోనొచ్చిందని కేకేశాడు. చండ్రుగొండలో బస్సుల రొద మధ్య నుంచి నాయన అరుస్తున్నాడు: "అయింది బిడ్డా! ఇగ తిను!"

మెస్సుకు పరుగెత్తాను. ఫోన్ సంగతి తెలిసి మామిడికాయ పప్పు గిన్నె ముందు పెట్టుకుని కూర్చుని ఉంది తను. నా ముఖం చూడగానే లేచి నిలబడింది.

"మనూళ్ళో పండగైందా?" అంది.

మా ఊరు తను ఎప్పుడూ చూడలేదు. నేను గరిటె అందుకుని, ముందు తన పళ్ళెంలోనే వడ్డించాను.