సకినాల మోర్చాలు

నన్ను చూడటానికి వచ్చినవాళ్లు నన్ను చూడనేలేదు. ఆ కోపం ఇప్పటికీ నాలో కొంచెం మిగిలే ఉంది.

బంగ్లాదేశ్ యుద్ధం ముగిసి కొన్నేళ్లయిన రోజులు. పదాతిదళంలో హవల్దారుగా చేసి వచ్చిన మా నాన్న పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీలో చేరాడు. పెళ్లికొడుకు తండ్రి వైమానిక దళంలో విమానాలకు బాంబులు, రాకెట్లు అమర్చేవాడట. రిటైరయ్యాక ఇక్కడి ప్రభుత్వ ప్లాంటులో ఉద్యోగం వచ్చి, కోస్తా నుంచి కుటుంబంతో సహా దిగాడు. ఇద్దరూ మిలిటరీవాళ్లే కదా, సంబంధం ఇట్టే కుదురుతుందని మధ్యవర్తి ధీమా. అబ్బాయిని నేను అంతకుముందే సంగారెడ్డి బస్సు కోసం నిలబడి ఉండగా చూశాను. నచ్చాడు. అందుకే పెళ్లిచూపుల రోజు నా గుండె కాస్త ఎక్కువే కొట్టుకుంది.

అమ్మ పళ్లెంలో బియ్యప్పిండి సకినాలు, లడ్డూలు పెట్టింది. "వంట వచ్చా అమ్మా?" అని అబ్బాయి తల్లి నన్ను అడిగింది. నేను నోరు తెరిచేలోపే నాన్న ఆ పెద్దాయన వైపు తిరిగాడు.

"లడాయిల మీరు ఏడున్నరు?"

పడమటి సరిహద్దు దగ్గరి ఎయిర్‌ఫీల్డులో అని ఆయన చెప్పాడు. నాన్న పటాలం ఉన్నదీ ఆ సరిహద్దులోనే. అంతే, నాన్న పళ్లెం ముందుకు లాక్కుని సకినాలు చాప మీద వరసగా పేర్చాడు.

"ఇవి మా మోర్చాలు, మేం తవ్వుకున్న కందకాలు. ఇగో, గిక్కడ దుష్మన్ ట్యాంకులు," అంటూ ఎదురుగా లడ్డూలు పెట్టాడు. "పొద్దుగాల విమానాలు కావాలని వైర్‌లెస్‌ల అడిగినం. ఎవ్వరూ రాలే. నా పక్కనున్నోడు నా చేతులల్లనే పోయిండు. ఆ విమానాలు ఆర్మీ చేతికింద ఉంటే గట్లయ్యేదా?"

"మీ చేతికిస్తే ప్రతి పటాలం తన నెత్తిమీదే తిప్పుకుంటుందండీ," అంటూ ఆయన రెండు లడ్డూలు తీసి మరో పక్కన పెట్టాడు. "ఇవి శత్రువు విమానాలనుకోండి, ఇటు నుంచి వస్తే ఎవరు ఆపుతారు? ఆ సంగతి మాకు వదిలేయాలి."

"వదిలేసినం గద! ఏం జేసిన్రు?"

ఆయన మొహం జేవురించింది. భార్యతో "పద, వెళ్దాం" అని లేచాడు. అబ్బాయి లేవలేక లేస్తూ నా వైపు చూశాడు.

నాకు ఒళ్లు మండింది. తల వంచుకుని కూర్చోమని అమ్మ ముందు నుంచీ నూరిపోసింది. అయినా తలెత్తాను.

"జెర ఆగుండ్రి. మా నాయినకు జవాబు చెప్పి పోండ్రి. మీరేం జేసిన్రు?"

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పెద్దాయన గుమ్మం దగ్గర ఆగిపోయాడు. ఇందాకటి గొంతు కాదది.

"రాకెట్లు ఎక్కించి కూర్చున్నామమ్మా. పైలట్ లోపల బెల్టు కట్టుకుని ఉన్నాడు. ఆర్డరు రాలేదు. ఎక్కడ ఆగిందో మాకెవరూ చెప్పలేదు. చీకటి పడ్డాక ఆ రాకెట్లు నా చేతుల్తోనే దింపాను. అన్నం సహించలేదు."

ఇద్దరూ చెప్పింది ఒకే రోజు గురించో కాదో నాకు తెలియదు. ఎవరూ తేదీ అడగలేదు. నాన్న చాపకేసి చూస్తూ ఉండిపోయాడు. ఆయన కళ్లు తడవడం నేను చూసింది అదే మొదలు. వెళ్లి ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది.

"అంటే, తయారుగనే ఉన్నరా?"

"పొద్దుటి నుంచీ ఉన్నామండీ."

"మేం సచ్చినా బతికినా ఎవ్వరికీ పట్టదనుకున్న, ఇన్నేండ్లు. పానం పోతుంటే వాడు ఆకాశం దిక్కే సూసిండు. ఎవ్వరూ వస్తలేరురా అని చెప్పిన."

పెద్దాయన వెనక్కి వచ్చి నాన్న పక్కనే చాప మీద కూర్చున్నాడు, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా. నాన్న కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"విమానాలు ఎవరి చేతికింద ఉండాల్నో పెండ్లయినంక తేల్చుకుందం, బావగారు," అన్నాడు.