మూడు చుక్కల చీర

కొలకలూరు మిషన్ బడిలో మూడో తరగతి చెప్పే ప్రభుదాస్ మాస్టారికి లోకంలో రెండే రకాల మనుషులు కనిపించేవారు. ఒకరు హంతకులు, రెండోవారు ఇంకా బయటపడని హంతకులు. ఇంతా చేసి ఆయన ఇంట్లో కోడిని కోయాలంటే పక్కింటివాణ్ణి పిలిచేవాడు.

ప్రతి శనివారం ఒంటిపూట బడి వదలగానే సైకిలెక్కి తెనాలి వెళ్ళేవాడు. గాంధీ చౌక్ పక్క సందులో అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. అట్ట మీద తుపాకీ, తుపాకీలోంచి పొగ, పొగలోంచి చూసే ఆడమనిషి కళ్ళు ఉన్న డిటెక్టివ్ నవలలు మూడు తెచ్చుకుని సోమవారం పొద్దుటికల్లా నమిలి మింగేసేవాడు. సగం చదివి ఆగి, హంతకుడి పేరు చీటీ మీద రాసి ఆఖరి పేజీలో దూర్చేవాడు. ఆ చీటీ ఒక్కసారీ తప్పలేదని చెప్పేది ఆయనే, సాక్షులెవరూ లేరు. సినిమాకి వెళ్ళినా ఇదే వరస. ఇంటర్వెల్‌లో సోడా తాగుతూ "గడ్డపాయనే చేశాడండి" అని ముందు బెంచీవాళ్ళకి చెప్పేసి, వాళ్ళ చేత తిట్లు తిని, సంతోషంగా ఇంటికొచ్చేవాడు.

పేపర్లో వచ్చే వింత వార్తలు కత్తిరించి పాత హాజరు పట్టీలో అంటించడం మరో పిచ్చి. రేపల్లె వైపు చేపల వాన కురిసిన వార్త అందులో ఉంది. బాపట్లలో పోయాడనుకున్న పెద్దాయన తన పెద్దకర్మ భోజనాల వేళకి రైలు దిగి నడిచొచ్చిన వార్త కూడా ఉంది. దాని కింద మాస్టారు ఎర్రసిరాతో "మరి ఆ శవం ఎవరిది?" అని రాసుకున్నాడు. ఆయన భార్య సారా ఆ పట్టీని బైబిలున్న బల్ల మీద పెట్టనిచ్చేది కాదు. అందులోంచి చెమ్మ వాసన వస్తోందనేది. నిజానికి కొద్దిగా వచ్చేది కూడా.

నవలల్లో మాస్టారికి ప్రాణమైంది చాకలి గుర్తు. దిక్కులేని శవం, జేబులు ఖాళీ, మొహం ఆనవాలు లేదు. అప్పుడు డిటెక్టివ్ చొక్కా కాలరు తిరగేస్తాడు. చిన్న నల్ల గుర్తు. అంతే, ఆ గుర్తు పట్టుకుని తిన్నగా చచ్చినవాడి ఇంటి గుమ్మంలోకి నడిచిపోతాడు. ఆ ఘట్టం వచ్చినప్పుడల్లా మాస్టారికి ఒళ్ళు జలదరించేది. వాళ్ళ ఊరి చాకలి యలమంద కూడా నల్లజీడి రసంతో బట్ట మూలన గుర్తు పెట్టేవాడు. మాస్టారింటికి సిలువ, మునసబు గారింటికి గీత, ఊళ్ళో పెద్ద రైతు శివరామయ్య గారింటికి మూడు చుక్కలు.

ఒకసారి రేపల్లె రైల్లో మాస్టారికి ఎదురుగా యలమంద తమ్ముడు కూర్చున్నాడు. వాడి ఒంటిమీద ఆకుపచ్చ చారల చొక్కా ఉంది. అది మాస్టారిదే. ముందురోజు ఉతుక్కి వేసిందే. పెళ్ళికి పోతున్నట్టున్నాడు. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు, తర్వాత ఇద్దరూ కిటికీలోంచి పొలాలు చూశారు. సోమవారానికి చొక్కా గంజిపెట్టి ఇస్త్రీ అయి ఇంటికొచ్చింది. పండగకీ పెళ్ళికీ ఊరి బట్టలు ఒక పూట చాకలింటివాళ్ళు కట్టుకోవడం అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. మాస్టారు ఆ సంగతి సారాకి చెప్పి పడీపడీ నవ్వాడు. అప్పుడు నవ్వాడు కాబట్టే తర్వాత మర్చిపోయాడని నా అనుమానం.

అరవై ఎనిమిది కార్తీకంలో శివరామయ్య కూతురు వసుంధర కనిపించకుండా పోయింది. ఇంట్లోవాళ్ళు రేపల్లెలో మేనత్త ఇంటికి వెళ్ళిందన్నారు. ఆ అబద్ధం అతకలేదు, ఎందుకంటే ఆ మేనత్తే వీళ్ళింట్లో కూర్చుని ఏడుస్తోంది. ఐదో రోజు పొద్దున తెనాలి అవతల లాకుల దగ్గర ఒక ఆడపిల్ల శవం తేలింది. మూడు నాలుగు రోజులు నీళ్ళలో నానింది. మొహం మనిషి మొహంలా లేదు.

పంచనామాకి మధ్యవర్తిగా రమ్మని మునసబు ప్రభుదాస్ మాస్టారికి కబురుపెట్టాడు, దస్తూరీ బాగుంటుందని. మాస్టారు గట్టు దిగాడు. మంచు ఇంకా విడలేదు. లాకుల తలుపుల కింద నీళ్ళు గొణుగుతున్నాయి, చుట్టూ జనం ఉన్నా ఆ గొణుగుడే వినిపిస్తోంది. ఎవరూ చెప్పకుండానే ఆయన వంగి, మెంతిరంగు చీర చెంగు మూల తిరగేశాడు. మూడు చుక్కలు.

ఆ క్షణంలో మాస్టారికి కలిగింది సంతోషం. శవం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఆయన సంతోషించాడు. ఆ తర్వాత జీవితమంతా తనని తాను క్షమించుకోలేకపోయింది ఆ ఒక్కదానికే.

యలమందని పిలిపించారు. అతను చెంగు మూల మాత్రం చూసి, "మా గుర్తేనండి. శివరామయ్యగారిదండి" అన్నాడు. శివరామయ్య వచ్చి దూరంగానే నిలబడి తలూపాడు. అరచేతులు గట్టిగా ఉన్నాయనీ, వేళ్ళ చివర్లు పగిలి ఉన్నాయనీ మాస్టారు కాగితం మీద రాశాడు. పెద్దింటి పిల్ల చేతులు అలా ఎందుకుంటాయని ఒక్క నిమిషం అనిపించింది. నీళ్ళలో నానితే అలాగే ఉంటాయని సర్దిచెప్పుకున్నాడు. చీటీ రాశాక మాస్టారు ఇక మార్చే మనిషి కాదు. గుండ్రంగా సంతకం చేశాడు.

శవం మీద చలవ చేసిన గుడ్డ కప్పే పని యలమందది. పెద్దింటి ఆడపిల్ల వంక చూడకూడదని అతను మొహం పక్కకి తిప్పుకుని, చేత్తో తడుముకుంటూ కప్పాడు.

ఊరంతా మాస్టార్ని పొగిడింది. కానిస్టేబులు టీ ఇప్పించాడు. పిల్లలు "డిటెక్టివ్ మాస్టారు" అనడం మొదలుపెట్టారు. పదకొండో రోజున శివరామయ్య పెద్దకర్మ ఘనంగా చేసి, హాల్లో కూతురి పటానికి దండ వేయించాడు. పోలీసు స్టేషనుకి వెళ్ళిన చీర ఆ రోజే తిరిగొచ్చింది. పోయినవాళ్ళ ఒంటిమీది బట్ట చాకలికి చెందుతుంది. దాన్ని యలమందకి ఇచ్చారు.

మర్నాడు సాయంత్రం బడి గంట కొట్టాక పిల్లలు వెళ్ళిపోయారు. మాస్టారు నల్లబల్ల తుడిచి వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో యలమంద, అతని భార్య పేరమ్మ నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి ఉన్నారో తెలియదు. పేరమ్మ రెండు చేతుల మీద మెంతిరంగు చీర, మడతపెట్టి ఉంది.

"మాస్టారూ," అంది పేరమ్మ, "ఈ చీర నేను మా అమ్మాయి సుబ్బాయమ్మకి కట్టి పంపానండి."

మాస్టారు చేతిలోని తుడుపుగుడ్డ బల్ల మీద పెట్టాడు.

"బాపట్లలో మా ఆడబిడ్డ కూతురి పెళ్ళండి. మంచి చీర లేదని ఏడిస్తే మూటలోంచి ఇది తీసిచ్చాను. ఈయనకి చెప్పలేదు. చీకటితోనే కాలవ గట్టున తెనాలికి నడిచెళ్ళింది, రైలుకి. పెళ్ళయ్యాక నెల రోజులుండి రమ్మన్నానండి. ఆ ఇంటి చీరలు వారానికి పాతికొస్తాయి, ఇదేనని నేనెలా అనుకుంటాను? నిన్న చేతికొస్తేగానీ తెలియలేదండి."

యలమంద గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. రైలు, కిటికీ, ఆకుపచ్చ చారల చొక్కా, అన్నీ ఒక్కసారిగా మాస్టారి కళ్ళ ముందుకొచ్చాయి. నవలల్లో డిటెక్టివ్‌లకి తెలియకపోవచ్చు, వాళ్ళు ఎక్కడివాళ్ళో! కొలకలూరులో పుట్టి పెరిగినవాడికి తట్టొద్దా?

ఆయన మర్నాడే బాపట్ల వెళ్ళాడు. దారి పొడుగునా, జీవితంలో మొదటిసారి, తన చీటీ తప్పకూడదని దేవుణ్ణి వేడుకున్నాడు. ఆడబిడ్డ గుమ్మంలోనే ఎదురొచ్చి, "సుబ్బాయమ్మ పెళ్ళికి రాలేదేంటండి, మా అన్నకి కోపమొచ్చిందా?" అని అడిగింది.

తిరిగొచ్చి శివరామయ్య దగ్గరికి వెళ్ళాడు. ఆయన పటం కింద పడక్కుర్చీలో ఉన్నాడు.

"ఏంటయ్యా మాస్టారూ, మళ్ళీ ఏం కనిపెట్టావ్?"

మాస్టారు చెప్పాడు. శివరామయ్య చివరిదాకా విని, దిండు కింద నుంచి ఒక కవరు తీసి చేతికిచ్చాడు. మద్రాసు ముద్ర, లోపల వసుంధర దస్తూరీ. తారీకు చూస్తే, కర్మకి వారం ముందే అందిన ఉత్తరం.

"తెలిసే చేశారా అండి?" అన్నాడు మాస్టారు.

"లేచిపోయిన కూతురికి పటం కట్టించుకోలేం కదయ్యా. చచ్చిపోయిన కూతురికైతే కట్టించుకోవచ్చు." శివరామయ్య కవరు మళ్ళీ దిండు కింద పెట్టాడు. "దాన్ని మారిస్తే నీకేం వస్తుంది? నువ్వేగా చెప్పావు, మా అమ్మాయని."

బయట వీధి మలుపులో యలమంద కాచుకుని ఉన్నాడు. అతను అడిగింది ఒక్కటే. "మీరు చెబితేనే ఊరు నమ్మిందండి. మా పిల్ల సంగతి కూడా మీరే చెప్పండి మాస్టారూ. లేకపోతే, సుబ్బాయమ్మ ఎవడితోనో లేచిపోయిందంటారు. ఇప్పటికే అంటున్నారండి."

లేచిపోయిన పిల్లకి దండ, నీళ్ళలో పోయిన పిల్లకి నింద. ఈ అన్యాయం మాస్టారి దస్తూరీతో జరిగింది. తర్వాత రెండు రోజులు ఆయన అన్నం ముట్టలేదు. కాలవ వైపు కిటికీ మూసినా లాకుల గొణుగుడు వినిపిస్తోందనేవాడు, లాకులు అక్కడికి కోసుల దూరంలో ఉన్నా. సారా మాత్రం, "దేవుడికి చెప్పుకున్నారు సరే, మనుషులకి ఎప్పుడు చెప్తారు?" అంది.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పుకునేవేళ ప్రభుదాస్ మాస్టారు లేచి నిలబడ్డాడు. "లాకుల దగ్గర దొరికింది యలమంద కూతురు సుబ్బాయమ్మ. వసుంధరమ్మగారు బతికే ఉన్నారు. నేను తొందరపడి అబద్ధానికి సంతకం పెట్టాను" అన్నాడు. మధ్యాహ్నానికి ఊరంతా తెలిసింది. మునసబుకీ అదే రాసిచ్చాడు. శివరామయ్య మారుమాట్లాడలేదు, పటమూ దింపలేదు. యలమంద మాత్రం బంధువులందర్నీ పిలిచి, కూతురి పేరు చెప్పుకుని కర్మ చేసుకున్నాడు.

ఆ పిల్ల నీళ్ళలో ఎలా పడిందన్నది ఎవరికీ తెలియలేదు. మాస్టారు ఊహించడం మానేశాడు. అద్దె పుస్తకాలు తిరిగిచ్చేసి, అడిగి మరీ రేపల్లె వైపున్న నగరం అనే ఊరి బడికి బదిలీ చేయించుకున్నాడు. అక్కడ కూడా ఆరేసిన చీర కనిపిస్తే చెయ్యి దానంతటదే మూల తిరగేసేది. దండెం మీద బట్టలున్న ఇంటికి వెళ్ళడమే తగ్గించుకున్నాడు.

డెబ్భై ఐదులో ఒక సాయంత్రం, రేపల్లె రైలు వచ్చిన కాసేపటికి, గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. తలెత్తి చూసి మాస్టారు గోడ పట్టుకున్నాడు. శివరామయ్య హాల్లో దండ వేసి ఉన్న మొహమే అది, కాస్త ఒళ్ళు చేసిందంతే.

"భయపడకండి మాస్టారూ," అంది వసుంధర. "మా ఇంటికి వెళ్ళాను. కిటికీలోంచి నా పటం కనిపించింది, కింద దీపం వెలుగుతోంది. తలుపు కొట్టడానికి చెయ్యి రాలేదు. ఆ పిల్ల గురించి విన్నాను. వాళ్ళమ్మ దగ్గరికి తీసుకెళ్తారా?"

మాస్టారు ఏడేళ్ళ తర్వాత కొలకలూరు కాలవ గట్టు ఎక్కాడు. పేరమ్మ రేవు దగ్గర బట్టలు ఉడకేసే బాన కింద మంట పెడుతోంది. వసుంధరని చూసి కేక పెట్టలేదు, ఏడవలేదు. లేచి, చేతులు తుడుచుకుని, పక్కనే ఉన్న ఇంట్లోకెళ్ళి మెంతిరంగు చీర తెచ్చింది. ఏడేళ్ళూ ప్రతి కార్తీకంలో ఉతికి, గంజిపెట్టి, మడత మార్చి దాచింది. చెంగు మూలన మూడు చుక్కలు ఇంకా నల్లగానే ఉన్నాయి.

"తీసుకోండమ్మా," అంది పేరమ్మ.

"నాకెందుకు పేరమ్మా? నీ కూతురు కట్టుకున్న ఆఖరి చీర. నీ దగ్గరే ఉంచుకో."

"పోయినవాళ్ళ బట్టయితే మాకు చెందుతుందమ్మా. బతికున్నవాళ్ళ బట్ట ఇంటికి తిరిగి చేర్చాలి. మీరెప్పుడొస్తారో అని ఉంచాను." పేరమ్మ చీరని ఆమె చేతుల్లో పెట్టింది. "ఒక్క పూటకని ఇచ్చానండి మా పిల్లకి. ఆలస్యమైంది. ఏమీ అనుకోకండి."