అక్షరానికి కాస్త పైన

మా నాయనమ్మకు కీర్తనలన్నీ కంఠస్థమే. కంటి నడిమి చూపు పోయాక కూడా బైబిల్ తెరిచి గడగడా అప్పజెప్పేది. కానీ చర్చిలో ఆమె పని కీర్తనలు కాదు, ప్రార్థన విన్నపాల చీటీలు చదవడం. ఎవరెవరో రాసి పెట్టెలో వేసే చీటీలు కంఠతా ఎలా వస్తాయి? ఆ పని ఇంకొకరికి అప్పగిద్దామని పాస్టరమ్మ అన్న రోజు ఆమె అన్నం ముట్టలేదు.

"మట్టలాదివారం దాక ఆగుండ్రి. అప్పటికి సదువకపోతే నేనే తప్పుకుంట," అని చెప్పి వచ్చింది. ఈస్టర్‌కు ముందు వచ్చే ఆదివారం అది.

పోయిన చూపు రాదనీ, అంచుల చూపు మాత్రం ఉంటుందనీ దవాఖానలో ముందే చెప్పేశారు.

నేను హసన్‌పర్తి దగ్గర కాలేజీలో కంప్యూటర్‌కు చూడటం నేర్పుతుంటాను. మన కంటికి ఒకసారికి స్పష్టంగా కనిపించేది, చేయి చాపి చూస్తే బొటనవేలి గోరంతే. మిగతాదంతా మసక. అందుకే కన్ను ఊరికే అటూ ఇటూ గెంతుతుంటుంది. మా ప్రోగ్రామ్ కూడా అంతే, ఒక ముక్క చూసి, తర్వాత ఎటు చూడాలో తనే తేల్చుకుంటుంది. ఒకరోజు నాయనమ్మే మనసులో మెదులుతుంటే, దాని చూపు నడిమధ్యన నల్ల మచ్చ పెట్టాను. మొదట ఒక్క అక్షరమూ పోల్చుకోలేదు. మళ్ళీ మళ్ళీ నేర్పితే, అక్షరానికి కాస్త పైన చూపు నిలిపి, అంచుల చూపుతో దాన్ని పోల్చుకోవడం మొదలుపెట్టింది. నాకు ఏడుపొచ్చింది. బండి తీసి నేరుగా ఇంటికి వచ్చేశాను.

"నాయనమ్మా, అక్షరాన్ని చూడకు. దాని పైన చూడు."

"సూడకుంట ఎట్ల సదువుతరే? తిక్క లేసిందా నీకు?"

రోజూ పోట్లాటే. పాత క్యాలెండర్ల వెనక స్కెచ్ పెన్నుతో పెద్ద పెద్ద అక్షరాలు రాసిచ్చేదాన్ని. చూపు పాత అలవాటు కొద్దీ అక్షరం మీదికే జారేది, అక్షరం మాయమయ్యేది. కాగితం విసిరికొట్టి, మళ్ళీ తనే వెతుక్కుని తెచ్చుకునేది. అక్షరాలు చిన్నవయ్యే కొద్దీ భూతద్దం పట్టుకుంది. చాలు పడుకో అంటే, "జర ఆగు బిడ్డా, ఇంకో లైను," అనేది. ముందు నమ్మకం పోయింది నాకే. సిగ్గులేకుండా ఒక చీటీ రాసి చర్చి పెట్టెలో వేశాను.

మట్టలాదివారం నాడు ఆమె భూతద్దం పట్టుకుని లేచింది. చీటీ మీద నుంచి ఎవరినో చూస్తున్నట్టు చూపు పైకెత్తి, కూడబలుక్కుంటూ చదివింది. ఒకరి ఆపరేషన్. ఒకరి పరీక్షలు. మూడోది తీసి ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఆమె కుస్తీ పట్టింది ఆ చేతిరాతతోనే.

"మా నాయనమ్మకు... చూపు... తిరిగి రావాలి."

నేను తల దించుకున్నాను. ఆమె చీటీని మడిచి బైబిల్లో పెట్టుకుంది.

"ఇది అయిపోయింది. ఇంకోటి ఇయ్యుండ్రి."